లెక్కపెట్టని ఒడ్డు

కృష్ణ ఒడ్డున పుట్టి, ముప్పయ్యేళ్లు పడవల మీదే గడిపినదాన్ని. నీళ్ల గురించి నాకు తెలియనిది పెద్దగా ఉండదన్న పొగరు నాకు కొంచెం ఉండేది. మొన్న పుష్యమాసంలో నాలుగు రోజులు అనకాపల్లి వైపు వెళ్లొచ్చాక అది తగ్గింది. అటు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో రాయను. అది ఎవరినడిగినా చెప్తారు.

నా పనేమిటో ముందు చెప్పాలి. కయాక్ అంటే మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. దాన్ని పిల్లలకి నేర్పేవాళ్లు ఇన్‌స్ట్రక్టర్లు. ఆ ఇన్‌స్ట్రక్టర్లని తయారుచేసేవాళ్లు ట్రైనర్లు. ఆ ట్రైనర్ల పక్కన రెండు రోజులు కూర్చుని, తప్పులుంటే దిద్ది, చివరి రోజున పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇవ్వాలో వద్దో తేల్చడం నా పని. మా ఇంట్లో ఇది ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన మాత్రం అందరితో "మా ఆవిడ పడవల ఇన్‌స్పెక్టరు" అని చెప్పేసి చేతులు దులుపుకుంటాడు.

ఈసారి నేను చూడాల్సిన ట్రైనరు పేరు సత్యవతి. చీడికాడ దగ్గర జలాశయంలో ఆరుగురు ఆడపిల్లల్ని ఇన్‌స్ట్రక్టర్లుగా తయారుచేస్తోంది. కిందటేడు వేరే పరీక్షకుడు వచ్చి పరీక్షలో ఆమెని తప్పించాడు. ఆయన రాసిన కాగితం నా చేతికిచ్చారు. అన్నిట్లోనూ మంచి మార్కులే. ఒక్క గడిలో మాత్రం "తలలు లెక్కపెట్టించలేదు. నిర్లక్ష్యం" అని ఉంది. ఇది రెండోసారి, ఆఖరిసారి. ఇప్పుడూ తప్పితే ఆమె మొదటి మెట్టు నుంచి మళ్లీ రావాలి. ఆమె స్థానంలోకి బయటినుంచి ఎవరినో తెస్తారు. ఆ మనిషి దొరికేదాకా ఈ ఆరుగురి చదువూ మధ్యలో ఆగిపోతుంది.

కాగితం చదివి నేను కూడా మండిపడ్డాను. నీళ్ల మీద తలలు లెక్కపెట్టని మనిషి నా దృష్టిలో ట్రైనరు కాదు.

అనకాపల్లి

నా తెడ్డు రెండు ముక్కలుగా విడిపోతుంది. పొడవాటి గుడ్డసంచిలో పెట్టుకుని తిరుగుతాను. చోడవరం బస్సులో కండక్టరు దాన్ని తట్టి చూసి, లోపల ఏముందని అడిగాడు. తెడ్డు అన్నాను. పక్క సీట్లో చెరకు గడలు కట్ట కట్టుకుని కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సెరుకు తోటల్లోకి తెడ్డేటమ్మా?" అన్నాడు.

బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, కండక్టరు లగేజీ టికెట్ కొట్టినప్పుడు నవ్వు ఆగింది.

అంతకుముందు అనకాపల్లి ఊళ్లోనే భోజనం చేశాను. ప్లేటు తొంభై రూపాయలు, అన్నం అడిగినంత. పులుసు నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడ్డాను. తియ్యగా ఉంది. మా వైపు పులుసులో బెల్లం వేస్తే చిటికెడు వేస్తాం, వేసినట్టు ఎవరికీ తెలియనివ్వం. ఇక్కడ దాచరు. వంకాయ కూరలో ఆవ పెట్టారు, అది ముక్కుకెక్కి కళ్లనీళ్లు తెప్పించింది. వడ్డించే ఆవిడ నా అవస్థ చూసి, ఏమీ అనకుండా ఇంకో గరిటె పులుసు పోసింది. రెండోసారి బాగుంది. మూడోసారి నేనే అడిగాను.

చీడికాడ

బస దేవి వాళ్ల మేనత్త ఇంట్లో. దేవి సత్యవతి తయారుచేస్తున్న ఆరుగురిలో ఒకతె. బుచ్చయ్యపేట పిల్ల, ఇరవై రెండేళ్లు. ఇంట్లో చెరకు, వరి తప్ప ఇంకో మాట లేదు. రెండేళ్ల క్రితం దాకా మోకాలి లోతు దాటి నీళ్లలో దిగలేదట. ఇప్పుడు తను ఇంకొకరికి ఈత, పడవ నేర్పబోతోంది. నన్ను తీసుకెళ్లడానికి స్కూటీ మీద వచ్చింది. తెడ్డు సంచి నేను అడ్డంగా పట్టుకుంటే, దారి పొడుగునా ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

వాళ్ల మేనత్త ఇంటి వెనక బెల్లం వండుతున్నారు. పొగ, తీపి వాసన, అరుపులు. గానుగ దగ్గర నుంచి పెద్ద గ్లాసుతో చెరకు రసం తెచ్చి చేతిలో పెట్టారు. తాగేలోపు ఇంకోటి తెచ్చారు. డబ్బు ఎంతని అడిగి చీవాట్లు తిన్నాను. మా వైపు గ్లాసు పాతిక రూపాయలు పెట్టి, ఐసు ముక్కలతో సగం నింపిన రసం తాగే అలవాటు. ఆ తేడా కడుపుకి తెలిసి, ఆ రాత్రి భోజనం మానేశాను.

దేవిని ఊరికే మాటల్లో పెట్టి, మీ ట్రైనరు ఎలా నేర్పుతుందని అడిగాను. సత్యవతి అరవదట. చెయ్యి పట్టుకుని దిద్దదట. తప్పు చేస్తే, నువ్వేం చేశావో నువ్వే చెప్పు అంటుందట. అది ట్రైనర్లకి అన్నిటికంటే కష్టమైన పాఠం. నేను నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది. తలల లెక్క గురించి అడిగితే మాత్రం దేవి మాట తప్పించి, దోమల మందు వెలిగించడానికి లేచిపోయింది.

జలాశయం

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. మూడు పక్కలా కొండలు, ఒక పక్క గట్టు. నీళ్లు కదలడం లేదు. సత్యవతి అప్పటికే ఒడ్డున కయాక్‌లు కడుగుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. నల్లగా, గట్టిగా, తక్కువ మాటలతో ఉంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కుటుంబం. భర్త అచ్యుతాపురంలో కంపెనీ వ్యాన్ నడుపుతాడు. నాకు నమస్కారం పెట్టి, టీ తాగేరా అని అడిగి, తన పనిలోకి తాను వెళ్లిపోయింది. పరీక్షించడానికి వచ్చిన మనిషిని మంచి చేసుకోవాలన్న ఆలోచన ఆమెకి ఉన్నట్టు లేదు. అది నాకు నచ్చింది.

ఆ పొద్దంతా ఆమె పని చూశాను. అబద్ధం ఎందుకు, అంత మంచి ట్రైనరుని నేను ఈ మధ్య చూడలేదు. ఒక పిల్ల పాఠం చెప్తుంటే తను వెనక నిలబడి, చేతులు కట్టుకుని ఊరుకునేది. పాఠం అయ్యాక మూడంటే మూడు మాటలు చెప్పేది. ఆ మూడూ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలేవి.

నీళ్లలో దిగే ముందు మాత్రం అదే జరిగింది. ఎవరూ లెక్కపెట్టలేదు. పాఠం చెప్పే పిల్ల పేర్లు పిలిచింది. దేవి, గౌరి, పైడమ్మ, కుమారి, మంగ. పిలిచిన ప్రతి పిల్లా తెడ్డు పైకెత్తింది. ఒడ్డు చేరాక మళ్లీ అవే పేర్లు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు సత్యవతిని పక్కకి పిలిచాను. పేర్లు పిలవడం మంచిదే, కానీ చాలదన్నాను. రేపు వీళ్ల చేతికి నలభై మంది కొత్త పిల్లలు వస్తారు. పేర్లు తెలియవు, ముఖాలు తెలియవు. అంకె ఒక్కటే దిక్కు. ఎంతమంది దిగారో అందరికీ వినిపించేలా చెప్పాలి, ఎంతమంది వచ్చారో మళ్లీ చెప్పాలి. అది నువ్వే చెయ్యనక్కర్లేదు, నీ పిల్లల చేత చేయిస్తే చాలు, ఫారంలో అంతే ఉంది అని కూడా చెప్పాను.

ఆమె అంతా విని, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"నేను సెయ్యని పని ఆళ్ల సేత ఎలాగ సేయిత్తానండి?" అంది.

ఎందుకు చెయ్యవని అడిగాను. ఆమె క్యారేజీ గిన్నెలు సర్దుకుంది. నా కోపం మళ్లీ పైకొచ్చింది. ఎల్లుండి ఇలాగే జరిగితే నేను కూడా తప్పిస్తానని ముఖం మీదే చెప్పేశాను. ఆమె తలూపింది. కాసేపటికి, రేపు ఇక్కడ కొండగాలి ఎక్కువ ఉంటుందంటున్నారు, పాఠం ఉండదు, మా అమ్మని చూడ్డానికి ఈ సాయంత్రం ఊరెళ్తున్నాను, మీరూ వస్తారా అని అడిగింది. నాకు ఆశ్చర్యం వేసింది. సరేనన్నాను.

సముద్రం

అచ్యుతాపురం దాటాక ఎంతోసేపు పట్టదు. ఊరి పేరు రాయొద్దని సత్యవతి అడిగింది, రాయను. వాళ్లమ్మ చేపలు అమ్ముతుంది. అరవై దాటినా తట్ట నెత్తికెత్తుకుని నాలుగు ఊళ్లు తిరుగుతుందట. మేం వెళ్లేసరికి చేపల పులుసు పొయ్యి మీద ఉంది. ఆ పులుసులోనూ బెల్లం తగిలింది. ఈసారి ఉలిక్కిపడలేదు. నేను చేపముళ్లు తియ్యడం చేతకాక అవస్థ పడుతుంటే, ఆ పెద్దావిడ నా కంచం లాక్కుని, ముళ్లు తీసి ముద్దలు కలిపి పెట్టింది. యాభై రెండేళ్ల వయసులో నాకు ఒకరు ముద్దలు కలిపి పెట్టారు.

తెల్లారకముందే పడవలు బయలుదేరతాయని లేపారు. ఒడ్డున మగవాళ్లు పడవల్ని నీళ్లలోకి తోస్తున్నారు. ఆడవాళ్లు కొంచెం వెనక నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. మా కృష్ణ దగ్గర పడవ కదిలిందంటే ఊరంతటికీ వినిపిస్తుంది. ఇక్కడ ఆ నిశ్శబ్దం నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. ముందున్న పడవలోకి మనుషులు ఎక్కుతున్నారు. ముప్పయ్యేళ్ల అలవాటు, నోరు ఊరుకోదు. వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని పైకే మొదలుపెట్టాను.

సత్యవతి వాళ్లమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. గట్టిగానే పెట్టింది. ఆ అరచేతికి చేపల వాసన ఉంది. పక్కనున్న ఆడవాళ్లు నా వైపు చూసి, తలలు తిప్పుకున్నారు. ఒకామె ఇసకలో ఉమ్మి, కాలితో తుడిచింది. పడవ వెళ్లేవరకూ పెద్దావిడ ఆ చెయ్యి తియ్యలేదు. ఏం తప్పు చేశానో అర్థమయ్యీ కాకుండా ఉంది.

అందరూ వెళ్లాక సత్యవతి నన్ను ఒడ్డు మీద కూర్చోబెట్టింది. తను కూడా కూర్చుంది. ఇక్కడ సముద్రం మీదకి వెళ్లే మనుషుల్ని లెక్కపెట్టరని చెప్పింది. లెక్కపెడితే అందులో ఒకటి తగ్గుతుందని భయం. ఎంతమంది వెళ్లారో అందరికీ తెలుసు, నోటితో మాత్రం అనరు. ఇవన్నీ నమ్మకాలే కదా అని నేను అనబోయాను. ఆమె నా వైపు చూడకుండా మాట్లాడుతూనే ఉంది.

"అప్పుడు నాకు ఎనిమిదేళ్లండి. బళ్లో లెక్కలు కొత్తగా నేర్పేరు. ఏది కనపడితే అది లెక్కెట్టీదాన్ని. ఆయాల మా అయ్య పడవ ఎల్తంటే ఇక్కడే నిలబడి గట్టిగా లెక్కెట్టేను. ఆరు అన్నాను. మా అయ్య నవ్వేడు కూడాను. మర్నాడు అయిదుగురే వచ్చేరు."

రాని మనిషి ఎవరో నేను అడగలేదు.

ఊళ్లో ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనలేదట. తల్లి కూడా ఇన్నేళ్లలో ఒక్కసారి ఆ మాట ఎత్తలేదట. అనేస్తే బాగుండేదండీ అంది సత్యవతి. గాలి తిరిగి పడవ పక్కకి ఒరిగిందని, అంకెకీ దానికీ సంబంధం లేదని ఆమెకి తెలుసు. ఆ మాట తనే పదిసార్లు చెప్పుకుంటుంది. అయినా మనుషుల్ని చూసి ఒకటి అనబోతే మాట బయటికి రాదట. బజారులో గుడ్లు లెక్కపెడుతుంది, తెడ్లు లెక్కపెడుతుంది. మనుషుల్ని మాత్రం లెక్కపెట్టలేదు.

కిందటేడు ఆ పరీక్షకుడితో ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే జాలి పడి పాసు సేసేత్తారండి. జాలి కాగితం పట్టుకుని ఆ పిల్లలకి మొహం ఎలా సూపించను?"

మరి నాకెందుకు చెప్పావన్నాను. మీరు ఇందాక లెక్కపెట్టేరు కదా, పడవలు వచ్చేదాకా మీకూ నిద్ర పట్టదు, అందుకే సెప్పేను అంది.

నిజమే. ఆ రోజు పడవలు తిరిగొచ్చేదాకా నేను ఒడ్డు వదల్లేదు. ముందెళ్లిన పడవలోంచి దిగేవాళ్లని ఒక్కొక్కరినే చూశాను. అందరూ దిగాకే లేచి మంచినీళ్లు తాగాను. ఒక్క రోజుకే నా పని ఇలా అయింది. ఆమె ఇరవయ్యేడేళ్లుగా దీన్ని మోస్తోంది. "నిర్లక్ష్యం" అన్న మాటకి నేను కూడా తల ఊపినందుకు సిగ్గుపడ్డాను.

కానీ సిగ్గుపడి ఆమెని పాస్ చేస్తే అది జాలి కాగితమే అవుతుంది. బస్సులో తిరిగొస్తూ చాలాసేపు ఆలోచించి, నా సంగతి ఆమెకి చెప్పాను. కయాక్ బోల్తా పడితే, అందులోంచి బయటికి రాకుండానే నడుము విసిరి, తెడ్డుతో నీళ్లని నొక్కి పైకి లేవాలి. నాలుగేళ్ల క్రితం నా కుడి భుజం దెబ్బతింది. అప్పటినుంచీ నేను అలా లేవలేను. మా ఊళ్లో నా శిష్యులెవరికీ ఇది తెలియదు, తెలియకుండా జాగ్రత్తపడుతూ వచ్చాను. అయినా నేర్పుతున్నాను, వాళ్లు లేస్తున్నారు. మనకి చేతకానిది కూడా మనం ఇవ్వొచ్చు, దాచకుండా ఇస్తే ఇంకా మంచిదేమో, నేను ఆ ధైర్యం చెయ్యలేదు అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పరీక్ష రోజు

నాలుగో రోజు పొద్దున్న గాలి తగ్గింది. ఆ రోజు దేవి పాఠం చెప్పాలి, మిగతా అయిదుగురూ ఆమె విద్యార్థులుగా పడవలెక్కాలి. సత్యవతి వెనక ఉండి నడిపించాలి. నేను చెట్టు కింద ఫారం పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి పరీక్ష మొదలయ్యాక నేను నోరు విప్పకూడదు. ట్రైనరు కూడా, పడవలు నీళ్లలోకి దిగాక, మనిషికి ప్రాణం మీదికి వస్తే తప్ప పాఠంలో జోక్యం చేసుకోకూడదు.

లైఫ్ జాకెట్లు కట్టుకున్నారు. దేవి పేర్లు పిలవడానికి నోరు తెరిచింది. సత్యవతి చెయ్యెత్తి ఆపి, అందర్నీ దగ్గరకి రమ్మంది. ఒడ్డున నాకు చెప్పిందే వాళ్లకీ చెప్పింది. అన్ని మాటలు కూడా లేవు. ఆరు అన్నాను, అయిదుగురు వచ్చేరు, రానోడు మా అయ్య అంది. మంగ ఏడవడం మొదలుపెట్టింది. ఆ పిల్లది కూడా సముద్రం ఒడ్డు ఊరే.

"ఇది నా భయం. మీకు ఇది నేర్పీసేను, తప్పు సేసేను," అంది సత్యవతి. "నేను లెక్కెట్టలేను. మీరు లెక్కెట్టాలి. దేవీ, లెక్కెట్టు."

దేవి నా వైపు చూసింది. నేను ఫారంలోకి చూశాను. ఆ పిల్ల గొంతు సర్దుకుని, ఒక్కొక్కరి భుజం తాకుతూ అయిదు దాకా లెక్కపెట్టింది. సత్యవతి నీళ్ల వైపు తిరిగి నిలబడింది. తన జాకెట్ పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

పాఠం ముప్పావుగంట. దేవి బాగా చెప్పింది. మధ్యలో కుమారి బోల్తా పడింది, పడమని ముందే చెప్పి ఉంచారు. దేవి కంగారు లేకుండా పడవ దగ్గరికి పోనిచ్చి ఎక్కించింది. నేను గళ్లు నింపుకుంటూ పోయాను. సత్యవతి ఆ ముప్పావుగంటలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఒడ్డు వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

ఒడ్డుకి వచ్చేటప్పుడు దేవి ముందుగా దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. మూడు దగ్గర ఆగింది. కుమారి, మంగ ఇంకా గట్టు మలుపు అవతల ఉన్నారు, కనబడడం లేదు. ఈలోపు సత్యవతి నీళ్లలోకి దిగింది. నడుం దాకా వెళ్లి ఆగింది. ఆమెకి పేరు పెట్టి పిలవాలని ఉంది, నోరు కదులుతోంది. పిలిస్తే పరీక్ష పోతుంది. నేను కూడా లేచి నిలబడ్డాను. సత్యవతి పిలవలేదు. పెదవులు బిగపట్టి, ఆ మలుపు వైపే చూస్తూ నిలబడింది.

కుమారి వచ్చింది. దాని వెనక మంగ వచ్చింది, తెడ్డుకి నాచు చుట్టుకుని ఆలస్యమైందట.

"నాలుగు. అయిదు," అంది దేవి. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "నాతో ఆరు" అంది. పాఠం అక్కడితో అయిపోయినట్టే. ఫారంలో అంతకంటే అవసరం లేదు. కానీ దేవి అక్కడితో ఆగలేదు. నీళ్లలో నిలబడి ఉన్న సత్యవతి వైపు తిరిగి, వేలు చూపించింది.

ఆ ఒడ్డు నుంచి వచ్చిన మనిషికి అలా వేలు చూపించి అంకె అనడం అంటే ఏమిటో నాకు అప్పటికి తెలుసు. సత్యవతికి పారిపోవడానికి చోటు ఉంది, వద్దనడానికి నోరు ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. కదల్లేదు.

"మీతో ఏడు, అక్కా," అంది దేవి. చాలా చిన్నగా అంది.

సత్యవతి కళ్లు తెరిచింది. నీళ్లలోంచి ఒడ్డు వైపు రెండడుగులు వేసి, రోజూ పాఠం అయ్యాక చెప్పే గొంతుతోనే చెప్పింది.

"గట్టిగా సెప్పాలి, దేవీ. ఎనక ఉన్నోళ్లకి ఇనపడలేదు. మళ్లీ సెప్పు."

దేవి మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టింది. అందరికీ వినిపించింది. నేను తలల లెక్క గడిలో "అవును" అని రాశాను.